సున్నా రాయి

అనంతపురంలో ఎవరింటికి పోయినా ముందు చెంబుతో మంచినీళ్ళిస్తారు. భ్రమరాంబ ఇంటికి పోతే మాత్రం ముందు చెప్పులు విడవాలి, మోచేతుల దాకా కడుక్కోవాలి, ఆమె ఇచ్చిన తెల్లంగీ తొడుక్కోవాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి. ఇంత తతంగం అయ్యేసరికి వచ్చినవాళ్ళు ఏ పని మీద వచ్చారో మర్చిపోయేవారు. అలా చుట్టాలు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆమెకు కావలసిందీ అదే.

హాల్లో సగం మేర గాజుగది. అందులో ఆమె కూతురు తారక ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే ఆ పిల్ల నెత్తుటికి రోగాన్ని ఎదిరించే శక్తి లేదు. నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు పక్కింటి పిల్లకు వచ్చిన జలుబే తారకకు అంటుకుని ప్రాణం మీదికి తెచ్చింది. ఆ పూట ఆసుపత్రి వరండాలో కూర్చుని భ్రమరాంబ ఒట్టు పెట్టుకుంది, కంటికి కనపడని పురుగు ఒక్కదాన్ని కూడా ఈ పిల్ల దగ్గరికి రానివ్వనని. అప్పటి నుంచి తారకకు తల్లి చెయ్యంటే రబ్బరు తొడుగు, తల్లి మాటంటే గాజులో బిగించిన స్పీకరు.

ఒట్టు పెట్టుకోవడం తేలికే. పురుగు వచ్చిందో లేదో తెలిసేదెట్లా? భ్రమరాంబ సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే మనిషి. ఊరి చివరి పరిశోధనాలయంలో నానా తంటాలు పడి ఒక యంత్రం తయారుచేసింది. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది గానీ ల్యాబులో అందరూ ఊపిరిపెట్టె అనేవారు. ప్రాణమున్నది ఎంత చిన్నదైనా ఏదో ఒకటి తినాలి, కాస్త వేడి, కాస్త గాలి వదలాలి. ఆ వదిలినదాన్ని పెట్టె పట్టుకుంటుంది. చిటికెడు దుమ్ము లోపల పెట్టి మూత బిగిస్తే పది నిమిషాల్లో తెర మీద నీలిగీత పైకి లేచి, అందులో ఎంత ప్రాణముందో చెబుతుంది.

అయితే కూరగాయల త్రాసుకైనా పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిలబడే చోటు ఒకటి ఉండాలి. ఊపిరిపెట్టెకూ అలాంటిది కావాలి. ప్రాణం బొత్తిగా లేని వస్తువునొకదాన్ని లోపల పెట్టి, సున్నా అంటే ఇదీ అని దానికి నేర్పాలి. ఆ వస్తువు కోసం భ్రమరాంబ తొక్కని గడప లేదు. ఇటుకబట్టీలోంచి బూడిద తెచ్చింది. అది చల్లారీ చల్లారకముందే గాలిలోంచి ఏవో దిగి కాపురం పెట్టేశాయి. సరాసరి కొలిమిలో కాలిస్తే ఆ వేడికి వస్తువే మారిపోయి కొలత చెడింది. సముద్రం ఒడ్డున మళ్ళలో పండిన ఉప్పు తెచ్చింది. ఉప్పుగల్లు లోపల చుక్క నీరు, ఆ చుక్కలో ఎర్రటి జీవాలు. బెలూను ఎగరేసి మబ్బుల మీది ధూళి పట్టి తెప్పించింది. అక్కడా ఉన్నాయి. భూమ్మీద ఎక్కడికి పోయినా, ఎవరో ఒకరు ముందే వచ్చి చాప పరుచుకుని కూర్చున్నారు.

చివరికి జిల్లాలోనే, ఎప్పుడో మూతపడిన బంగారు గని అట్టడుగుకు దిగి, ఎండపొడ ఏనాడూ ఎరగని చోట బండను తొలిచి, ఉక్కుగొట్టాల్లో బిగించి కొన్ని నల్లరాళ్ళు తెచ్చారు. ఒక్కొక్కటి పిడికెడు. వాటిలో ఒకదాన్ని పెట్టెలో పెడితే పది నిమిషాలూ నీలిగీత కదలకుండా పడుకునే ఉంది. భ్రమరాంబ ఆనందం పట్టలేక అక్కడే ఏడ్చేసింది. ల్యాబులో యంత్రాలు చూసుకునే దస్తగిరి దానికి సున్నా రాయి అని పేరు పెట్టాడు.

ఆ రాయిని బట్టే ఇంట్లో ఇంకో చిన్న పెట్టెను సరిచేసుకుంది. పిల్ల ఒంట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్న క్రిముల జోలికి పోలేదు, వాటి సంగతి మందులు చూసుకుంటాయి. బయటి నుంచి ఏదీ రాకూడదు, అంతే. గదిలోకి పోయే గాలి, నీళ్ళు, అన్నం, గాజు తుడిచిన దూది, అన్నీ రోజూ పొద్దున పెట్టెలోకి ఎక్కేవి. సున్నా వచ్చాకే ఆమెకు కాఫీ గొంతు దిగేది.

ఇదంతా ఒక ఎత్తు. రెండేళ్ళ కిందట జరిగింది ఇంకో ఎత్తు. తండ్రి ఎర్రిస్వామి ఎముకల్లోని మూలుగ తీసి తారకకు ఎక్కించారు. అది చక్కగా అంటుకుంది. పిల్లను మొదటి నుంచీ చూస్తున్న డాక్టర్ జుబేదా రక్తపరీక్షలు చూసి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"ఏమ్మా భ్రమరా, పిల్ల బంగారంలా ఉంది. ఇంక మెల్లగా బయటికి తీసుకురా."

"హాలు కూడా సున్నా కానీ డాక్టరమ్మా, తీసుకొస్తా."

హాలు సున్నా చేసే పని అప్పుడు మొదలైంది, ఇప్పటికీ సాగుతూనే ఉంది. మందు నీళ్ళతో కడిగిన నేలనే మళ్ళీ కడిగింది. ఆ ఘాటుకు బల్లులు సైతం ఇల్లు ఖాళీ చేసి పోయాయి గానీ నీలిగీత మాత్రం దిగలేదు. ఆ ఇంట్లో పెరుగు నేరం. పెరుగు లేనిదే ముద్ద దిగని ఎర్రిస్వామి పెరటి రేకుల కింద గిన్నె దాచుకుని పాలు తోడుపెట్టుకునేవాడు. అక్కడే నిలబడి తిని, నోరు పుక్కిలించి లోపలికి వచ్చేవాడు. పెళ్ళాం మీద అతనికి కోపం లేదు. పిల్లను బతికించింది ఆ పట్టుదలేనని అతనికి తెలుసు. అది ఎక్కడ ఆగాలో ఆమెకు ఎవరు చెప్పాలన్నదే అతని దిగులు.

ఎర్రిస్వామి హైస్కూల్లో సైన్సు మాస్టరు. బడి నుంచి రాగానే గాజు ఇవతల కుర్చీ వేసుకుని, మైకు పట్టుకుని కూతురికి పాఠం చెప్పేవాడు. దసరాకు ముందు ఒక సాయంత్రం జీవావరణం పాఠం వచ్చింది. పుస్తకంలో భూమి బొమ్మ, దాని చుట్టూ సన్నటి పచ్చగీత.

"నేలా, నీళ్ళూ, గాలీ కలిసే చోట ప్రాణముంటాది. అట్లాంటి చోట్లన్నీ కలిపితే జీవావరణం. భూమి ఇంత పెద్దదా, అది చూడు, మామిడిపండు మీద తొక్కంత మందం గూడా లేదు. మనుషులు, చీమలు, చేపలు, చెట్లు, అందరం ఆ తొక్కలోనే బతకాల."

తారక బొమ్మను చాలాసేపు చూసింది.

"నాయనా, నా గది అందులో ఉండాదా?"

ఎర్రిస్వామి పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. వెనక దూదితో గాజు తుడుస్తున్న భ్రమరాంబే జవాబు చెప్పింది, అదీ కాస్త గర్వంగానే. "లేదు తల్లీ. నీ గది సున్నా. దాంట్లోకి ఏదీ రాదు."

"అయితే నేను భూమ్మీద లేనా?"

ఆ పిల్ల అలిగి అడగలేదు. అది తెలిస్తే పరీక్షలో రాయాలన్నట్టు, మామూలుగా అడిగింది. భ్రమరాంబ చేతిలో దూది నేల మీద పడింది. వంగి తీసుకుని, కడిగిన నేలను మళ్ళీ కడగడానికి వెళ్ళింది. తండ్రి పుస్తకం మూసేసి, రేపు లెక్కలు చేసుకుందామన్నాడు.

దసరా వచ్చింది. పరిశోధనాలయంలో మిగతా పండగలు వచ్చినట్టే పోయేవి గానీ ఆయుధపూజను దస్తగిరి పోనిచ్చేవాడు కాదు. మైక్రోస్కోపు నుంచి స్క్రూడ్రైవరు దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మం ముందు బూడిదగుమ్మడికాయ పగలగొట్టేవాడు. పూజలో పెట్టిన పనిముట్టును పండగ వెళ్ళేదాకా ముట్టుకోకూడదు. మామూలుగా ఊపిరిపెట్టెను ఆ పూజ నుంచి తప్పించేది భ్రమరాంబ. ఈసారి దస్తగిరి పట్టుబట్టాడు.

"ఏడాదంతా పని చేస్తాది మేడం అది. మూన్నాళ్ళు ఆపేసి దండం పెట్టుకోనీండి."

"ఆపేస్తే మళ్ళీ కుదురుకోవడానికి నెల పడుతుంది దస్తగిరీ."

"అయితే ఆపొద్దు. నడుస్తానే ఉండనీండి. మనం ముట్టగూడదు, అంతే."

ఇద్దరి మాటా నెగ్గింది. పొద్దున సరిచూసుకోవడానికి పెట్టిన సున్నా రాయి లోపలే ఉండిపోయింది. మూత మీద కుంకుమబొట్టు, పైన బంతిదండ, పెట్టె తన పాటికి తాను నడుస్తూ ఉంది. తలుపుకు తాళం పడింది.

పండగ వెళ్ళాక తాళం తీసి, వాడిన దండ పక్కకు తీసి తెర చూసిన భ్రమరాంబ ఇంకా దగ్గరికి వంగింది. నీలిగీత పడుకుని లేదు. మొదట్లో చదునుగానే ఉంది. ఆ తర్వాత ఎవరూ చూడకుండా లేచినట్టు, కంటికి ఆనీ ఆననంత నెమ్మదిగా ఎక్కుతూ వచ్చింది.

"రాయికి కూడా బొట్టు పెట్టినావా?"

"లేదు మేడం. రాయి లోపలుంది గదా. మూత మీదనే పెట్టినా."

"నీ కుంకుమ లోపలికి పోయింది. నీ పూజ పుణ్యమా అని ఇన్నేళ్ళ సున్నా పోయింది." ఆమె గొంతు లేవలేదు గానీ ప్రతి మాటా సూదిలా ఉంది. దస్తగిరి బంతిదండ తీసి బయట చెట్టు మొదట్లో వేసి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గని నుంచి తెచ్చిన వేరే రాయి ఉక్కుగొట్టంలో సీలు తీయకుండా ఉంది. దాన్ని పెట్టెలోకి ఎక్కించారు. ఈసారి పూజ లేదు, పువ్వు లేదు. పండగకు ఎన్నాళ్ళు వదిలారో అన్నాళ్ళూ వదిలేశారు. గీత అంతే నెమ్మదిగా, అదే వాలుతో లేచింది. మూడో రాయీ అంతే. దాని అంచు గీకి మైక్రోస్కోపు కింద పెడితే పగుళ్ళలో సన్నటి చుక్కలు కనపడ్డాయి.

భ్రమరాంబ స్టూలు మీద కూర్చుండిపోయింది. రాయి ప్రాణం లేనిది కాదు. దాని పగుళ్ళలో ఎక్కడో వెంట్రుకవాసి తడి ఉంది. ఆ తడిలో, ఎండ ముఖం చూడని, గాలి పీల్చని జీవాలేవో రాయి ఇచ్చే వాయువును చప్పరిస్తూ బతుకుతున్నాయి. వాటికి తొందర లేదు. మనకు ఈ దసరా నుంచి ఇంకో దసరా ఎంతో, వాటికి ఒక ముద్ద నుంచి ఇంకో ముద్ద అంత. పది నిమిషాల్లో ఊపిరి తీయనిది చచ్చినట్టేనని పెట్టెకు నేర్పింది తనే. పెట్టె నేర్పినట్టే చెప్పింది.

అప్పుడు ఆమెకు గాజుగది గుర్తొచ్చింది. గదిని కూడా ఆ పది నిమిషాలతోనే కదా కొలుస్తున్నది.

పాత దూదిపింజలన్నీ శీతలపెట్టెలో దాచి ఉన్నాయి. గదిలోకి గాలి వచ్చే గొట్టం తుడిచినవి, నీళ్ళ సీసా మూత తుడిచినవి. వాటిని తెచ్చి, పండగకు రాయిని వదిలినట్టే ఊపిరిపెట్టెలో వదిలింది. ఆ రోజులెలా గడిచాయో ఎర్రిస్వామిని అడగాలి. ఆమె అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచేది. మూతగుడ్డ రెండు పొరలు కట్టుకునేది. తారకతో మాట్లాడబోయి, స్పీకరు మీట నొక్కి, నొక్కినట్టే వదిలేసేది.

గీత లేచింది. రాయికన్నా ఎత్తుకు లేచింది. ఆ దూదిలో ఉన్నవేమిటో విప్పి చూసింది. కొత్తవేమీ కాదు. పెరట్లో మన్నులో ఉండేవి, వీధి దుమ్ములో ఉండేవి, వాన చినుకు పడితే వాసన లేపేవి. పొడిగా ముడుచుకుని, ఊపిరి బిగబట్టుకుని, జల్లెడలన్నీ దాటుకుని ఏనాటి నుంచో గదిలోకి వస్తూనే ఉన్నాయి. తారక వాటితోనే తిన్నది, వాటితోనే నిద్రపోయింది.

భ్రమరాంబ పరుగున డాక్టర్ జుబేదా ఇంటికి పోయింది. పెద్దావిడ అప్పుడే మధ్యాహ్నం భోజనం ముగించి వక్కపలుకు నోట్లో వేసుకుంటోంది. భ్రమరాంబ చెప్పిందంతా విన్నది.

"గది ఎప్పుడూ సున్నా కాదు డాక్టరమ్మా. ఒక్క రోజు కూడా కాదు. నేను కాపాడినాను అనుకున్నా."

"నెత్తురు ఇంకోసారి చూస్తా ఆగు," అంది జుబేదా. పిల్ల రక్తం తీయించి, భ్రమరాంబ తెచ్చిన ఆ మన్ను క్రిములను ఆ రక్తానికి చూపించి పరీక్ష చేయించింది. ఫలితం వచ్చాక ఈసారి ఆమే భ్రమరాంబ ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచింది. చేతులు కడుక్కుంది. తెల్లంగీ మాత్రం వద్దంది.

"నీ కూతురి నెత్తురు వాటిని గుర్తుపడుతోంది భ్రమరా. ముక్కూమొహం తెలియనివాళ్ళను చూసినట్టు కాదు, రోజూ వీధిలో ఎదురయ్యేవాళ్ళను చూసినట్టు. ఎర్రిస్వామి మూలుగ వచ్చిన నాటి నుంచీ అది వాటితో పరిచయం చేసుకుంటానే ఉంది. నువ్వు వాటిని రానివ్వకపోయి ఉంటే ఈ పొద్దు నేనే భయపడేదాన్ని."

"మరి మూలుగ రాకముందో?"

"అప్పుడు నీ గాజుగదే కాపాడింది. సున్నా కాకపోయినా, గండం గడిచేంత చేసింది. అది నీ కష్టం, దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ తర్వాతది మాత్రం నీ భయం."

ఆ మాట భ్రమరాంబకు గట్టిగానే తగిలింది. కానీ తగిలిన చోట నొప్పికి బదులు ఏదో కరిగినట్టయింది. ఇన్నేళ్ళూ తను ఒక్కతే పిల్ల చుట్టూ కాపలా తిరుగుతున్నాననుకుంది. ఒక్కతే కాదు. మొగుడి మూలుగ ఉంది, ఈ ముసలి డాక్టరమ్మ ఓపిక ఉంది, తను పగవాళ్ళనుకున్న మన్నూ దుమ్మూ కూడా గదిలో చేరి పిల్లకు బతకడం నేర్పుతూ ఉన్నాయి. ఎవరికి చేతులెత్తి మొక్కాలో తెలియక, వంగి జుబేదా కాళ్ళకే దండం పెట్టింది.

మర్నాడు పొద్దున ముందు ల్యాబుకు పోయింది. దస్తగిరి బల్ల తుడుస్తున్నాడు.

"నిన్ను ఊరికే మాటలన్నాను దస్తగిరీ. నీ పూజే లేకుంటే ఈ పెట్టెను నేను పది నిమిషాలకు మించి వదిలేదాన్ని కాదు. ఏమీ తెలిసేది కాదు."

"పోనీండి మేడం. మీ భయం మీది." అతను గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "ఈ రాళ్ళనేం చేద్దాం?"

"వాటి ఇంట్లో వాటిని దించి వద్దాం."

ఆమె కుంకుమభరిణె అడిగి తీసుకుంది. తొడుగు లేని వేలితో సున్నా రాయికి తనే బొట్టు పెట్టింది. రాయి చల్లగా, కాస్త గరుగ్గా తగిలింది.

ఇంటికి వచ్చేసరికి ఎర్రిస్వామి బడికి సెలవు పెట్టి కూర్చుని ఉన్నాడు. జుబేదా హాల్లో కుర్చీలో కూర్చుంది. భ్రమరాంబ గాజుగది తలుపు దగ్గరికి పోయి, రబ్బరు తొడుగులు తీసి కింద పడేసింది. తలుపుకున్న బిగింపులు ఒక్కొక్కటే విప్పింది. చివరి బిగింపు రాకపోతే ఎర్రిస్వామి వచ్చి చెయ్యి వేశాడు. తలుపు తెరుచుకున్నప్పుడు చిన్న గాలి లోపలికి పోయింది, ఇంకో గాలి బయటికి వచ్చింది.

తారక గడప మీద నిలబడి అడుగు వేయలేదు.

"అమ్మా, బయటికొస్తే నేను భూమ్మీదికొచ్చినట్టా?"

"లేదు తల్లీ." భ్రమరాంబ మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మ నీకు తప్పు చెప్పింది. నీ గది ఆ పచ్చగీతలోనే ఉండాది. మొదట్నుంచీ ఉండాది. గీత లేని చోటు కోసం అమ్మ భూమంతా వెతికింది, యాడా దొరకలేదు."

పిల్ల తల్లి చేతిని చూసింది. ముట్టుకుంది. అరచేతి గీతలు, వేళ్ళ కణుపులు, గోళ్ళు, ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత ఆ చేతిని తన చెంపకు ఆనించుకుని అలాగే ఉండిపోయింది. భ్రమరాంబ ఏడుపు ఆపుకోవాలని చూడలేదు.

"ఆకలేస్తాంది," అంది తారక.

భ్రమరాంబ మొగుడి వైపు తిరిగింది. "పెరటి రేకుల కింద గిన్నె పట్టుకురాపో."

ఎర్రిస్వామి ముఖం దొంగతనం బయటపడ్డ పిల్లవాడి ముఖమైంది. "నీకు తెలుసా?"

"పెళ్ళయిననాటి నుంచీ నీ మూతి చూస్తాండా గదయ్యా."

జుబేదా నవ్వుతూ తలూపింది. గిన్నె వచ్చింది. భ్రమరాంబ వేడన్నంలో పెరుగు పోసి, ఉప్పు వేసి, ఉట్టి చేత్తో మెత్తగా కలిపి, ముద్ద చేసి కూతురి నోటికి అందించింది. తారక కళ్ళు చికిలించింది. ఆ నాలుకకు పెరుగు పులుపు అదే మొదటిసారి.

"పుల్లగా ఉండాది. ఇంకొకటి పెట్టు."

గిన్నె అడుగుకు వచ్చేసరికి ఎర్రిస్వామి అడ్డం పడ్డాడు. "అంతా తినొద్దు తల్లీ. తోడుకు కాస్త ఉండాల." ఎందుకని పిల్ల అడిగితే, పాలు పెరుగు కావాలంటే పాత పెరుగు చుక్క కలపాలని, ఆ చుక్కలో ఉన్నవాళ్ళే మిగతా పని చేస్తారని చెప్పాడు. ఆ పని తనే చేస్తానంది తారక. సాయంత్రం గోరువెచ్చని పాలలో, తండ్రి చూపించినట్టే వేలితో పెరుగు కలిపి, మూత పెట్టి, హాల్లో అందరికీ కనపడే చోట గిన్నె ఉంచింది.

పొద్దున లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా పోయి మూత తీసింది. పెరుగు గడ్డలా తోడుకుని ఉంది.